ఎత్తిన చెయ్యి

పొద్దున్నే టీచరమ్మ చేసే మొదటి పని వంటింటి గట్టు మీద ఉప్పుడబ్బాకి ఫోను ఆనించి నిలబెట్టడం. రెండోది, వెనక గదిలో ఉన్న నాన్నని కాసేపు దగ్గకుండా ఉండమని బతిమాలుకోవడం. ఆ తర్వాతే పాఠం. ఫోనులో రెండో తరగతి పిల్లలు అగ్గిపెట్టెలంత గళ్ళలో కనబడేవాళ్ళు. కొందరివి నుదుళ్ళు, కొందరివి ఇంటి పైకప్పులు. సగంమంది కనబడనే కనబడరు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితో పాటు పనికి పోయేది. ఆవిడ కూడికలు చెప్పి "అర్థమైందా?" అని అడిగితే గళ్ళన్నీ మాట్లాడకుండా చూసేవి. వెనక గదిలోంచి దగ్గు మాత్రం జవాబిచ్చేది.

నాన్న వయసంతా పిండిమరలో గడిచింది. మర మూతబడి చాలాకాలమైనా ఆ పిండి ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. మెట్లెక్కితే మధ్యలో ఆగాలి, గట్టిగా నవ్వితే కూర్చోవాలి. బడిపిల్లలకి ఆయన మరతాత. బడి నడిచే రోజుల్లో కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చానని వంక పెట్టుకుని, బెల్లు కొట్టడానికి చాలా ముందే గేటు దగ్గర నిలబడేవాడు. ఊరి మీద జ్వరం పడ్డాక డాక్టరు ఒకటే మాట చెప్పాడు: "ఈయనకి గానీ సోకిందా, నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు." ఆ మాట విన్నప్పటి నుంచి టీచరమ్మకి కంటినిండా నిద్ర లేదు.

ఇక ఆ ఊరి సంగతి. ఆ ఊళ్ళో ఓటుకి ఎత్తిన చెయ్యి, ఆ పని పూర్తయ్యేదాకా దిగదు. ఏటి మీద వంతెన కట్టాలని తీర్మానించిన రోజున చెయ్యెత్తిన వాళ్ళంతా, అది పూర్తయ్యేదాకా ఎడంచేత్తో తిని, వెల్లకిలా పడుకున్నారు. నిలబడ్డా, కూర్చున్నా, పడుకున్నా ఆ చెయ్యి ఆకాశం వైపే ఉంటుంది మరి. దర్జీలు చొక్కాలకీ జాకెట్లకీ కుడిచేతి పొడవునా బొత్తాలు పెట్టి కుట్టేవాళ్ళు. అందుకే అక్కడ తీర్మానాలు తక్కువ, చేసినవి మాత్రం చకచకా అయిపోయేవి. ఎవడి భుజం వాడికి నొప్పి కదా.

జ్వరం రోజుల్లో గుంపు కూడదని బడి కమిటీ ఫోనులోనే కూడింది. ప్రెసిడెంటు రంగుల కొట్టు యజమాని. ఆయన మాటలు కోటలు దాటతాయి, చెయ్యి మాత్రం జేబు దాటదు. వంతెనప్పుడు కూడా ఆయనకి సరిగ్గా ఓటు వేళకే పొలమారింది.

"అందరికీ తెలిసిందే," అన్నాడాయన గొంతు సవరించుకుని. "పిల్లలు పాడైపోతున్నారు. ఏడాది పరీక్షలయ్యేదాకా బడి తెరిచే ఉంచాలని తీర్మానం. భుజాలు నొప్పి పెట్టుకోనక్కర్లేదు, ఫోనులో కింద పసుపుపచ్చ చెయ్యి బొమ్మ ఉంటుంది. నొక్కితే సరి."

టపటపా పసుపు చేతులు లేచాయి. ఇంత సుఖంగా ఓటు వెయ్యడం ఆ ఊరివాళ్ళకి అదే మొదలు. టీచరమ్మ కంగారుగా ఏదో చెప్పబోయింది. గదులకి కిటికీలు తెరుచుకోవు, ఒక్కో బెంచీకి నలుగురు కూర్చోవాలి, మా ఇంట్లో ఊపిరందని మనిషి ఉన్నాడు. మైకు ఆపేసి ఉందని ఆవిడకి తెలియదు. ఎవరూ వినిపించుకోకపోయేసరికి, బస్సు ఆపేదానిలా ఫోను ముందు అరచెయ్యి పైకెత్తి "ఆగండి, ఆగండి!" అంది.

"చూశారా!" అన్నాడు ప్రెసిడెంటు. "మనం బొమ్మ నొక్కితే టీచరు గారు సాక్షాత్తూ చెయ్యే ఎత్తారు. ఇంతకన్నా ఏం కావాలి? తీర్మానం నెగ్గింది."

పసుపు చేతులు వాటంతటవే మాయమయ్యాయి. టీచరమ్మ చెయ్యి ఉండిపోయింది. వెనక గదిలోంచి నాన్న వచ్చి కూతుర్నీ, ఆ చేతినీ మార్చి మార్చి చూశాడు.

"దేనికెత్తావే?"

"ఆపమని."

"నువ్వు ఆపమనే ఎత్తావు తల్లీ. వాళ్ళు అడిగింది తెరవమని కదా," అని నవ్వబోయి, దగ్గొచ్చి, గడప మీద కూర్చుండిపోయాడు.

బడి తెరిచారు. బోర్డు పైఅంచున తేదీ వెయ్యడానికి తప్ప ఆ చెయ్యి ఆవిడకి ఎందుకూ పనికిరాలేదు. వద్దన్నవాళ్ళు దారిలో ఆపి "నీ చెయ్యే కదమ్మా మా కొంప ముంచింది" అనేవాళ్ళు. కావాలన్నవాళ్ళు "టీచరమ్మే చెయ్యెత్తింది, ఇంక మనదేముంది" అనేవాళ్ళు. పాపమంతా ఒక్క చేతికి తగిలించి ఊరు హాయిగా ఉంది.

మొదటిరోజు క్లాసులో ఆవిడ "మూడూ నాలుగూ కలిపితే ఎంత?" అంది. ఎవరూ పలకలేదు. మూతికి గుడ్డలు కట్టుకుని కళ్ళప్పగించి చూస్తున్నారు. మళ్ళీ అడిగింది. మొదటి బెంచీలో పిల్ల, బట్టల ఫ్యాక్టరీలో కుట్టే ఆవిడ కూతురు, ఫోను పాఠంలోలాగే వేలితో తన నోరు చూపించి ఎదురుచూసింది. టీచరమ్మకి చాలాసేపటికి గానీ అర్థం కాలేదు. "మైకు ఆన్ చేసుకో అమ్మా," అంది.

"ఏడు," అంది ఆ పిల్ల.

ఇంటికొచ్చాక పెరట్లో స్నానం చేసి, గుమ్మం ఇవతలే కూర్చుని ఈ కబుర్లన్నీ చెప్పేది. గుమ్మం అవతల నాన్న కంచం ఒళ్ళో పెట్టుకుని వినేవాడు. నోరు చూపించిన పిల్లకి నోటి పిల్ల అని పేరు పెట్టి, ఇవాళ ఏం మాట్లాడిందని రోజూ అడిగేవాడు. ఆ కబుర్లు చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

పట్టుమని నెల తిరక్కుండానే డ్రిల్లు మాస్టారు మంచాన పడ్డాడు. తర్వాత ఇద్దరు పిల్లలు, వాళ్ళ వెనకే వాళ్ళ ఇళ్ళు. మళ్ళీ మీటింగు పెట్టాల్సిందేనని గొడవ లేచింది. ఈసారి బొమ్మలూ గిమ్మలూ కుదరవు, నిజం చేతులే కావాలని పట్టుబట్టారు. అందరూ ఎడమెడంగా బడి ఆవరణలో నిలబడ్డారు.

"జ్వరం జ్వరం అంటారు," అంది బట్టలు కుట్టే ఆవిడ. "నేను ఫ్యాక్టరీకి పోవాలంటే దాన్ని గదిలో పెట్టి తాళం వేసుకుని పోవాలి. మాట్లాడ్డం మర్చిపోయిందండీ నా కూతురు! బడి మూస్తే మళ్ళీ అదే తాళం."

"తాళం తీస్తే మా వార్డుకే కదా వచ్చేది," అంది ఆస్పత్రిలో పనిచేసే నర్సు. ఆవిడ కొడుకూ అదే క్లాసు. "మంచాలు లేక వరండాలో పడుకోబెడుతున్నాం. ఒక్కసారి వచ్చి చూసి అప్పుడు మాట్లాడండి."

ఇద్దరిదీ నిజమే, అదే అసలు చిక్కు. తక్కిన వాళ్ళు మాత్రం నిజంతో పనిలేకుండా గొంతులు చించుకున్నారు. చివరికి ప్రెసిడెంటు, "జ్వరం పోయేదాకా మూసెయ్యాలన్న వాళ్ళు చేతులెత్తండి," అన్నాడు.

జ్వరం ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు? అన్నాళ్ళూ చెయ్యెత్తుకుని బతకడం ఎవరి తరం? ఇంతసేపూ మూయమని అరిచినవాళ్ళు చెప్పులు చూసుకున్నారు, ఫోన్లు చూసుకున్నారు. నర్సు తన చేతుల వంక చూసుకుని తలొంచుకుంది. అప్పుడు టీచరమ్మ ఎడంచెయ్యి ఎత్తింది.

"చేతులెత్తేసిందిరా టీచరమ్మ!" అని ఎవరో అంటే జనం నవ్వారు. రెండు చేతులూ గాల్లో పెట్టుకుని ఆవిడ నిజంగానే దొంగలకి చిక్కిన మనిషిలా ఉంది.

"తెరవమని ఒకటి, మూయమని ఒకటి. సరికి సరి," అన్నాడు ప్రెసిడెంటు, తన చేతులు జేబుల్లో ఇంకా లోపలికి తోసుకుంటూ. "తెరిచే ఉంచాలనేవాళ్ళు ఇంకెవరైనా?"

గేటు దగ్గర ఒక చెయ్యి లేచింది. మూతికి తువ్వాలు చుట్టుకుని, ఊచలు పట్టుకుని, రొప్పుతూ మరతాత. ఇంటి నుంచి ఎన్నిచోట్ల ఆగి ఆగి వచ్చాడో ఏమో.

"నాన్నా, దించు!" అని అరిచింది టీచరమ్మ. అది దిగదని ఆవిడకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఓడిపోయిన ఎడంచెయ్యి మాత్రం దానంతటది జారి పక్కకి పడింది.

ఇంటికొచ్చాక ఆవిడ ఏడుస్తూ గిన్నెలు విసిరికొట్టింది. "ఎవరికోసం ఎత్తాననుకున్నావు ఆ చెయ్యి? నీకోసం కాదూ?"

"నాకోసమనే భయమేసింది," అన్నాడాయన. "నా ఊపిరికి కాపలాగా ఊళ్ళో పిల్లలందరికీ తాళాలు వేయిస్తావా? ఇంకెన్నాళ్ళుంటానని?"

"ఎన్నాళ్ళైతే అన్నాళ్ళు. నాకు కావాలి."

"నాకు ఆ నోటి పిల్ల మాట్లాడ్డం కావాలి."

"పెద్ద త్యాగం! గేటు దగ్గర నిలబడి గోల వినాలని నీ సరదా, అంతేగా?"

"అదీ ఉందిలే," అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఇంట్లో రెండు ఎత్తిన చేతులు. అన్నిటికీ ఏదో ఒక ఉపాయం దొరికింది గానీ, చొక్కా చేతి బొత్తాలు మాత్రం ఒంటిచేత్తో ఎవరివి వాళ్ళు పెట్టుకోలేరు. టీచరమ్మ బొత్తాలు బడి ఆయా పెట్టేది. నాన్నవి పెట్టడానికి కూతురు తప్ప ఎవరున్నారు? ప్రతి పొద్దునా ఆవిడ ఊపిరి బిగబట్టి గుమ్మం దాటి, ఒక్కో బొత్తామూ పెట్టి, పరుగున ఇవతలికి వచ్చేసేది. జ్వరం ఎటునుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరని డాక్టరు అన్నాడు. ఆవిడకి తెలుసు.

నాన్నని ఆస్పత్రిలో చేర్చుకున్నారు, ఆవిడని మాత్రం లోపలికి రానివ్వలేదు. నర్సే ఫోను చేసింది.

"ఊపిరి అందడం లేదు టీచరమ్మా. అందర్నీ బోర్లా పడుకోబెడుతున్నాం, దాంతో చాలామంది తేరుకుంటున్నారు. ఈయన్ని తిప్పలేకపోతున్నాం. ఆ చెయ్యి పైకే నిలబడి ఉంటోంది."

"బడి మూస్తే దిగుతుంది!"

"అవునమ్మా," అంది నర్సు. "మూస్తే దిగుతుంది."

టీచరమ్మ ప్రెసిడెంటుకి ఫోను చేసింది. "ఇప్పటికిప్పుడు మీటింగు పెట్టండి. తెరవమన్నవి మా నాన్నదీ నాదీ రెండు చేతులే. మూయమని నా ఎడంచెయ్యి ఉంది. ఇంకో రెండు చాలు."

"ఒక్కరి కోసం ఊరి తీర్మానం ఎలా మారుస్తామండీ? పైగా ఆయనే ఇష్టపడి ఎత్తారాయె. సరే, నలుగుర్నీ కనుక్కుని చెబుతాను."

ఆయన కనుక్కునేదాకా ఆగలేక ఆవిడే బయల్దేరింది. చెయ్యి పైకెత్తుకుని ఇంటింటికీ తిరిగింది. పసుపు చేతులు నొక్కిన ఇళ్ళన్నీ తలుపు సందులోంచి అయ్యో అన్నాయి. ఒకాయన రేపు చూద్దామన్నాడు. ఒకావిడ మా ఆయన ఇంట్లో లేరంది, లోపల ఆయన తుమ్ము వినబడుతూనే ఉంది. నర్సుకి ఫోను చేసి అడిగితే, "నేనెత్తితే ఇక్కడ సూదులెవరు వేస్తారమ్మా? వరండా నిండా ఉన్నారు," అని ఏడ్చింది. బట్టలు కుట్టే ఆవిడ గుమ్మంలోనే కాళ్ళ మీద పడబోయింది. "ఒంటిచేత్తో మిషను మీద కుడతానంటే ఎవరు పనిస్తారు టీచరమ్మా? మళ్ళీ దాన్ని గదిలో పెట్టి తాళం వెయ్యమంటారా?" ఆవిడ వెనక నుంచి నోటి పిల్ల తొంగిచూసి, "మరతాత ఎప్పుడొస్తాడు?" అని గలగలా అడిగింది. టీచరమ్మ ఆ పిల్లని అసహ్యించుకుంది. ఒక్క క్షణమే, కానీ ఒళ్ళంతా అసహ్యించుకుంది.

ఆవిడ ఇంకా ఆ వీధిలోనే ఉండగా నర్సు మళ్ళీ ఫోను చేసింది. ఈసారి టీచరమ్మా అని పిలిచి, ఇంకేమీ చెప్పలేకపోయింది.

నాన్నని సంచీలో పెట్టి తెచ్చినవాళ్ళు పొరుగూరివాళ్ళు. జిప్పు సగంలో ఆగిపోయింది. "చెయ్యి కిందికి పెట్టాలమ్మా, పడటం లేదు," అన్నాడు ముసుగులో ఉన్న మనిషి.

"దిగదు."

"ఎప్పటిదాకా?"

"పరీక్షలయ్యేదాకా."

వాళ్ళు అలాగే తీసుకెళ్ళారు. బండి వీధుల్లోంచి పోతుంటే జనం మేడల మీంచి చూశారు. తెల్లటి సంచీలోంచి లేచి, బొత్తాలన్నీ సరిగ్గా పెట్టి ఉన్న చొక్కా చెయ్యి ఒకటి ఊరంతా దాటుకుంటూ పోయింది. ఆ చెయ్యి మునిగేదాకా గొయ్యి తవ్వేసరికి కాటికాపరికి సాయంత్రమైంది.

బడి నడిచింది. పిల్లలు చదివారు. ఆ సంగతి కాదనడానికి లేదు, చక్కగా చదివారు. నోటి పిల్లని ఆపడం ఎవరితరమూ కాలేదు. టీచరమ్మ ఆ పిల్లకి అందరికన్నా ఎక్కువే నేర్పింది, ముఖం చూడకుండా నేర్పింది. చివరి పరీక్షనాడు చివరి కాగితం బల్ల మీద పడగానే ఆవిడ కుడిచెయ్యి జారి ఒళ్ళో పడింది. ఎవరిదో చెయ్యిలా సన్నగా, చల్లగా ఉంది. బయట ప్రెసిడెంటు మైకులో, "ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది కాబట్టే ఇది సాధ్యమైంది," అంటున్నాడు. జనం రెండు చేతులతోనూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ బల్ల మీద కాగితాలు అక్కడే వదిలేసి ఊరి చివరికి నడిచింది. నాన్నని పెట్టినచోట నిన్నటిదాకా ఉబ్బెత్తుగా ఉన్న మట్టి మధ్యలో కుంగింది. అంచులు ఇంకా తడిగా, అప్పుడే విరిగినట్టున్నాయి. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, కొంకర్లు తిరిగిన ఆ కుడిచేతిని గుంటలో పెట్టింది.

"దిగింది కదా," అంది. "ఇప్పుడు బోర్లా తిరుగు నాన్నా."