వేళ్ల గుర్తులు

నా తొడ లోపలి వైపు వరసగా ఉన్న నాలుగు పొక్కులు చూసి, కట్టు విప్పుతున్న మార్గో చెయ్యి ఆగిపోయింది. ప్రతి మంగళవారం మా ఇంటికొచ్చి కట్లు మార్చే నర్సు ఆమె. నా చర్మం పుట్టినప్పటి నుంచీ అంతే, కాస్త రాపిడి తగిలితే పొక్కి ఊడొస్తుంది. మా ఊరు బండబర్గ్ ఎండల్లో చెమట పట్టిందంటే ఇంకా ఘోరం. ఏ పొక్కు చెప్పు వల్లో, ఏది బట్టల కుట్టు వల్లో మార్గో చూడగానే చెప్పేస్తుంది. ఈ నాలుగింటి గురించి మాత్రం ఏమీ అనలేదు.

"ఫెర్గస్, పాలు అయిపోయినట్టున్నాయి, తెచ్చిపెడతావా?" అంది మా ఆయనతో.

ఫ్రిజ్‌లో రెండు సీసాలున్నాయి. ఫెర్గస్ ఆమెను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, కారు తాళాలు తీసుకుని వెళ్ళాడు.

మార్గో తలుపు మూసి నా పక్కన కూర్చుంది. "కోరలీ, నిజం చెప్పు తల్లీ. ఇంట్లో నీకు భయంగా ఉంటోందా?"

నాకు నవ్వొచ్చింది. "ఫెర్గస్ అంటేనా? సాలీడు కనబడితే నన్ను పిలుస్తాడు."

"అవి వేళ్ల గుర్తులు."

వేళ్ల గుర్తులే. శనివారం మధ్యాహ్నం "ఇంకా గట్టిగా పట్టుకో" అన్నది నేనే. ముప్పై నాలుగేళ్లదాన్ని, పెళ్లయి రెండేళ్లు. అయినా ఆ మాట మార్గోతో అనలేకపోయాను. చిన్నప్పటి నుంచీ ఈ ఒంటిని ఎంతోమంది డాక్టర్లకు చూపించాను. దీనికి కోరిక కూడా ఉంటుందని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నేను మాట్లాడకపోవడం చూసి మార్గో ఏదో రాసుకుంది.

మార్గో రాసింది చూసి, గురువారం ఒక సోషల్ వర్కర్ ఫోన్ చేసింది. ఫెర్గస్ ఎత్తాడు. మీ ఆవిడతో ఒంటరిగా మాట్లాడాలంది. అంతే, ఆ రోజు నుంచి అతను నన్ను ముట్టుకోవడం మానేశాడు. టీ కప్పు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవాడు. హాల్లో సోఫా మీద పడుకునేవాడు. చక్కెర మిల్లులో షిఫ్టు రెండింటికి అయిపోతే, ఇంటికొచ్చేసరికి మూడున్నర. ఒళ్లంతా కొబ్బరినూనె వాసన.

ఒకరోజు మధ్యాహ్నం సోఫాలో నిద్రపోతున్నప్పుడు అతని చేతులు చూశాను. మిల్లులో మరలు బిగించే చేతులవి. కాయలన్నీ పోయి నున్నగా ఉన్నాయి. లేపి అడిగాను.

"ఎవరావిడ?"

"ఎవరు?"

"ఈ నూనె, ఈ చేతులు. ఎవరికోసం?"

అరచేతులు రెండూ నా ముందు చాపాడు. "షిఫ్టయ్యాక కారులో కూర్చుని ఆకురాయితో కాయలు గీక్కుని నూనె రాసుకుంటున్నా. నిన్ను చీల్చింది ఈ చేతులే కదా. ఆ నర్సు అనుమానం తప్పని నాకే గట్టిగా అనిపించట్లేదు."

"నేను అడిగితేనే కదా పట్టుకున్నావు?"

"నేను బాధపడకూడదని అలా అన్నావేమో అనుకున్నా."

ఒళ్లు మండిపోయింది. నా మాట మార్గో, ఫెర్గస్ ఇద్దరూ నమ్మలేదు. మరి నేను అతన్ని నమ్మానా అంటే, అదీ లేదు.

మళ్లీ మంగళవారం నేనే తలుపు మూసి మార్గోకి జరిగింది జరిగినట్టు చెప్పాను. నిజమేనా అని ఆమె రెండోసారీ అడిగింది, మూడోసారీ అడిగింది. తర్వాతే ఫెర్గస్‌ని లోపలికి పిలిచింది.

"వేళ్లతో పట్టుకోకు. అరచెయ్యి పరిచి ఆన్చు, రుద్దకు. రాపిడి లేకుండా సిలికాన్ జెల్ బాగా రాయండి, పిసినారితనం వద్దు. నొప్పి అంటే అక్కడే ఆపెయ్," అంది. ఫెర్గస్ చెవులు ఎర్రబడ్డాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావని నన్నడిగింది. ఒకసారి వెళితే చర్మం ఊడొచ్చింది, మళ్లీ వెళ్లలేదన్నాను. ఇప్పుడు దూది పుల్లతో ఎవరికి వాళ్లే నమూనా తీసుకోవచ్చట. తర్వాతి వారం తెచ్చిచ్చింది. పరీక్షలో ఏమీ లేదని తేలింది.

మార్గో తను రాసుకున్నది మాత్రం కొట్టెయ్యలేదు. "ఉండనివ్వు. అప్పుడప్పుడూ మళ్లీ అడుగుతా," అంది. అడుగుతూనే ఉంది.

మార్గో చెప్పినట్టే చేసిన మొదటి ఆదివారం ఒక్క చిన్న పొక్కే వచ్చింది. ఫెర్గస్ ముఖం పాలిపోయింది. శుభ్రం చేసిన సూదితో నేనే పొడిచి నీరు తీసి, పట్టీ వేసుకుని, నా పక్కనే పడుకోమన్నాను. ఇప్పటికీ ప్రతిసారీ "నిజంగానా?" అని రెండుసార్లు అడుగుతాడు. ఒక్కోసారి విసుగొస్తుంది. అయినా రెండుసార్లూ జవాబు చెబుతాను.