మూల నుంచి మూలకు

మా గొలుసు బావ నా నోట్లో మట్టి కొట్టాడని పందొమ్మిదేళ్లుగా చెబుతున్నాను. వినే నాథుడు లేడు. ఆయన మా అక్క మొగుడు. సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. భుజాన ఇనుప గొలుసు లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు కనక ఆ పేరు. మా నాన్న పోయాక ఉన్న స్థలాన్ని అన్నయ్యకూ నాకూ పంచింది ఆయనే. రోడ్డువైపు, మూలలు సరిగ్గా ఉన్న ముక్క అన్నయ్యకు; కాలువవైపు వంకర ముక్క నాకు. రెండూ పదివేల ఎనిమిది వందల ఇరవై తొమ్మిది చదరపుటడుగులేనని, అడుగు కూడా తేడా లేదని కాగితం రాసిచ్చాడు.

నా ముక్క తక్కువని నాకు తెలుసు. ఎలా తెలుసంటే, ఇద్దరం ఒకే ఏడాది ఒకే మందాన కంకర పరిపించాం. అన్నయ్యకు పన్నెండు లారీలు పట్టింది. నాకు పదకొండుతో సరిపోయింది. ఈ మాట చెబితే అందరూ నవ్వారు. టేపు పెట్టి నాలుగు వైపులూ కొలిస్తే కాగితంలో ఉన్నట్టే వస్తున్నాయి మరి. కొలతలన్నీ సరిగ్గా ఉంటే స్థలం ఎక్కడికి పోతుందిరా, లారీవాడు తాగి వచ్చాడేమో అని అన్నయ్య వెక్కిరించాడు. నేను ఏడో తరగతిలో బడి మానేసి రంపం పట్టినవాణ్ణి. లెక్క వేసి చూపించలేకపోయాను. బావ లంచం తిని కాగితం మీద ఏదో గారడీ చేశాడని మాత్రం పెళ్లిళ్లలో, చావుల్లో, ఎక్కడ జనం కనిపిస్తే అక్కడ చెప్పాను.

ఇప్పుడు అన్నయ్య తన ముక్క అమ్ముతున్నాడు. పంపకం మీద నాకు ఏ ఆక్షేపణా లేదని నా సంతకం ఉంటేనే కొంటానని అవతలివాడు పట్టుపట్టాడు. రెండు నెలలుగా నేను పెట్టడం లేదు.

మా అమ్మాయి కంప్యూటరు పని చేస్తుంది. స్థలాలు కొలిచే ఆఫీసుల కోసం ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీ వాళ్లది. వారంలో రెండు రోజులు ఇంట్లోనే భోజనాల బల్ల మీద పని. పోయిన గురువారం మధ్యాహ్నం అన్నం తిని లేస్తూ చూశాను. నల్లటి తెర, బొమ్మలు గిమ్మలు ఏమీ లేవు. తను ఒక వరుస రాస్తుంది, కింద ఒక అంకె వస్తుంది. మళ్లీ రాస్తుంది, మళ్లీ వస్తుంది. ఏమిటే ఇది అని అడిగాను. పెద్ద ప్రోగ్రాములో అతికించే ముందు ఒక్కో ముక్కనూ ఇక్కడ విడిగా అడిగి చూస్తామని, అడిగిన వెంటనే జవాబు చెబుతుందని, తెర మీద ఆ కిటికీ మూసేదాకా మనం నేర్పింది గుర్తు పెట్టుకుంటుందని చెప్పింది. అది నాకు అర్థమయ్యే సంగతే. నేనూ అతుకు ఎలా కుదురుతుందో పనికిరాని చెక్క మీద కోసి చూసుకుని, ఆ తర్వాతే మంచి కలప మీద ఉలి పెడతాను.

ఆ రోజు నేర్పుతున్నది నాలుగు వైపుల స్థలానికి విస్తీర్ణం కట్టడం. నాలుగు వైపులతో పాటు మూల నుంచి మూలకు ఉన్న దూరం కూడా ఇవ్వాలట. అడ్డంగా కోసి రెండు త్రికోణాలు చేసి, రెండింటినీ కలుపుతుందట.

మూడు, నాలుగు, మూడు, నాలుగు, మూలకు ఐదు అని ఇవ్వమన్నాను. ద్వారబంధం మూల చూసుకోవడానికి మేం వాడే కొలత అది. ఆరు అని వచ్చింది.

"పన్నెండు రావాలి," అన్నాను.

అమ్మాయి తెర వైపు ఒక క్షణం చూసి నవ్వింది. రెండో త్రికోణం కలపడం మరిచిందట. ఆ ఒక్క వరుస సరిచేసి మళ్లీ అడిగింది. పన్నెండు. నాకు సరదా పుట్టింది. మూలకు ఎనిమిది అని ఇచ్చి చూడమన్నాను. మూడు అడుగుల చెక్కా నాలుగు అడుగుల చెక్కా కలిపి ఎంత సాగదీసినా ఎనిమిది రాదు. అది అంకె ఇవ్వకుండా, కుదరదని ఎర్ర అక్షరాలతో తిట్టింది. మొహమాటం లేనిది, నాకు నచ్చింది.

అప్పుడే గొలుసు బావ గుమ్మంలోకి వచ్చాడు. సంతకం కాగితం ఆయనతో పంపాడు అన్నయ్య. అమ్మాయి లేచి కుర్చీ వేసింది. నేను లేవలేదు.

"నీ లెక్క ఎలా కట్టావో మా పిల్లకు చెప్పు బావా," అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. ఎదురెదురు వైపులు కలిపి సగం చేయడం, మిగతా రెండూ కలిపి సగం చేయడం, రెండు సగాలనూ హెచ్చవేయడం. తన పైవాళ్లు నేర్పింది అదేనట. అన్నయ్య ముక్క నూట పందొమ్మిదికి తొంభై ఒకటి. నా ముక్క సగాలు కూడా సరిగ్గా అంతే వచ్చేదాకా మేకులు జరిపి జరిపి పాతానని, ఎండలో రెండు పూటలు పట్టిందని చెప్పాడు.

అమ్మాయి ఆ పద్ధతిని కూడా ఒక్క వరుసలో దానికి నేర్పింది. మూడు, నాలుగు, మూడు, నాలుగు ఇస్తే పన్నెండు. తర్వాత చట్రాన్ని పక్కకు వాల్చినట్టు మూలకు మూడు అని ఇచ్చి, తన పద్ధతిలో అడిగింది. తొమ్మిది లోపే. బావ పద్ధతికి మూల సంగతే అక్కర్లేదు. ఎంత వాల్చినా పన్నెండే అంటుంది.

బావ కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు.

అమ్మాయీ నేనూ టేపు పట్టుకుని వెళ్లి రెండు ముక్కల్లోనూ మూల నుంచి మూలకు కొలిచి వచ్చాం. గంట పట్టింది. బావ కుర్చీలోంచి కదలలేదు, ఇచ్చిన టీ చల్లారిపోయింది. అమ్మాయి అన్నయ్య ముక్క కొలతలు ముందు ఇచ్చింది. పదివేల ఎనిమిది వందల ఇరవై ఎనిమిది, చుక్క తర్వాత తొమ్మిదులే తొమ్మిదులు. అంటే బావ రాసినట్టే. తర్వాత నాది. నూట పన్నెండు, నూట నాలుగు, నూట ఇరవై ఆరు, డెబ్బై ఎనిమిది. మూలకు నూట ఇరవై.

తొమ్మిది వేల తొమ్మిది వందల పన్నెండు.

 బావ తెర మీది అంకెను వేలితో చూపించాడు.

"కోడలా, వంకర స్థలాలన్నీ ఇంతేనా?"

"వంకరను బట్టి మావయ్యా. తక్కువ వంకరకు తక్కువ తేడా. కానీ మీ పద్ధతి ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది."

ఆయన తన ఇంటి స్థలం నాలుగు వైపులూ చెప్పాడు, కొన్నప్పుడు తనే కొలుచుకున్నది. అమ్మాయి రాసింది. ఒక కొలత తక్కువైందని అది ఒప్పుకోలేదు. మూల ఎంత మావయ్యా అని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. తన డబ్బుతో కొన్నదీ అదే పద్ధతిలో కొలుచుకున్నాడన్నమాట. లంచం తిన్నవాడు తనను తాను మోసం చేసుకోడు కదా. ఆ సంగతి మింగుడుపడటం నాకు కష్టమైంది.

"ముప్పై రెండేళ్లు కొలిచాను," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ రోజు గొలుసు రెండో కొస పట్టుకుంది నువ్వే కదటోయ్. ద్వారబంధానికి మూలలు చూడకుండా మేకు కొట్టవే, నీ స్థలానికి నోరెందుకు పెగల్లేదు?"

  గొలుసు పట్టుకున్నంతసేపూ నేను చూసింది అన్నయ్య ముఖాన్నే.

నేను తొమ్మిది వందల పదిహేడు అడుగులు పోయాయని అన్నాను. అమ్మాయి అడ్డుపడింది. స్థలం ఇద్దరిదీ, సమంగా పంచితే పెదనాన్నకు తగ్గి నాకు పెరగాలి తప్ప, తేడా మొత్తం నాదే కాదంది. నమ్మకపోతే నువ్వే అడుగు నాన్నా అని కీబోర్డు నా ముందుకు తోసింది. ఒక్క వేలితో వెతుక్కుంటూ రెండు ముక్కలూ కలిపాను, సగం చేశాను, నాది తీసేశాను. వచ్చిన అంకెను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే చెప్పింది.

డబ్బు అడగలేదు. నా సంతకానికి పైన ఒక వరుస బావ తన చేత్తో రాయాలన్నాను. అన్నయ్య ఏమంటాడోనని ఆయన అనలేదు. కలం తీసి, ఒక్కో అక్షరం నిదానంగా దిద్ది రాశాడు. దాని కింద నేను సంతకం పెట్టాను. ఆయన రాసింది ఇది: ఈ పంపకంలో తమ్ముడి వాటాకు నా లెక్క వల్ల తగ్గిన స్థలం నాలుగు వందల యాభై ఎనిమిదిన్నర చదరపుటడుగులు.