మొదట చూసినవారి తిమింగలం

మా దీవుల్లో దుప్పటి ఆరేయడమంటే కుస్తీ. ఒక కొస గాలి లాగుతుంది, ఒక కొస ఇల్లాలు లాగుతుంది, ఎవరు గెలిచినా చిరిగేది దుప్పటే. మా ఫారో దీవుల గాలి సంగతి మీకు తెలియదు. ఒక ఆదివారం పాదిరిగారి ప్రసంగాన్ని చర్చి గుమ్మంలోనే ఎత్తుకుపోయి పక్క దీవిలో దింపిందనీ, అక్కడివాళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరిస్తూనే "ఆమెన్" అనేశారనీ మా తాత ఒట్టేసి చెప్పేవాడు. అలాంటి గాలిలో, పళ్ళ మధ్య క్లిప్పులు కరిచిపట్టుకుని, మొగుడి పెద్ద దుప్పటితో పెనుగులాడుతూ తూరిద్ అనే ఇల్లాలు సముద్రం వైపు చూసింది. చూసి, చెయ్యి ఆపేసింది.

అఖాతం మూతి దగ్గర నీళ్ళు నల్లగా మసలుతున్నాయి. పైన పక్షులు. నీళ్ళలోంచి ఒక నల్లటి వీపు లేచి మునిగింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక లెక్కలేనన్ని.

తూరిద్ బట్టల తీగ ఇంటి వెనక కొండవాలు మీద ఉంది. అఖాతం మూతి అక్కడినుంచి కనిపించినంత బాగా ఊళ్ళో ఇంకెక్కడినుంచీ కనిపించదు. మగవాళ్ళు మాత్రం దుర్భిణీలు మెడలో వేసుకుని కింద పడవల కొట్టం దగ్గరే నిలబడతారు. అక్కడికి సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండముక్కు అడ్డం. ఈ సంగతి బట్టలారేసే ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

చాలా ఏళ్ళ కిందట, కొత్త కోడలిగా ఉన్నప్పుడు, ఇదే తీగ దగ్గర నిలబడి ఆమె ఇలాగే ఒక తిమింగలాల మందను చూసింది. తడి చేతులతోనే కొండ దిగి పరుగెత్తింది. వల బాగుచేసుకుంటున్న మొగుడు హొగ్నికి ఆయాసపడుతూ చెప్పింది. హొగ్ని వేటకి అనుమతిచ్చే జిల్లా అధికారికి ఫోన్ చేసి, "నేను చూశాను" అన్నాడు. ఊరు ఊరంతా పడవలెక్కింది. మందను తోలుకొచ్చి ఇసుక ఒడ్డెక్కించారు. మాంసం ఇంటింటికీ పంచారు. ఇక మొదట చూసినవారికి వేరే ఒక తిమింగలం ఇవ్వడం మా ఆనవాయితీ. అది హొగ్ని పేరు మీద వచ్చింది. ఆ కథ చెప్పీ చెప్పీ హొగ్ని చివరికి వేటపెద్ద కూడా అయ్యాడు. కథ మాత్రం ఏటా ఎదిగింది. మొదటి ఏడు కొట్టం దగ్గరనుంచి చూశాడు. తర్వాత పొగమంచులోంచి చూశాడు. ఆపైన వీపు తిప్పుకుని నిలబడి, వాసన పట్టి చూశాడు. నాకూ కోతలు కోయడం ఇష్టమే, కానీ ఇంకొకళ్ళ కళ్ళు పెట్టుకుని ఎప్పుడూ కోయలేదు. ఆ కథ చెప్పిన ప్రతిసారీ కాఫీ పోసింది తూరిద్.

ఒక్కసారి మాత్రం అడిగింది.

"చూసింది నేను కదా, హొగ్నీ?"

"నువ్వు చూస్తే నేను చూసినట్టు కాదా? మొగుడూ పెళ్ళాం ఒకటే కాదూ!" అని నవ్వి, సాక్సు విప్పి ఆమె వైపు విసిరాడు. ఒకటే అయినప్పుడు ఆ సాక్సు ఉతికేది ఎప్పుడూ తనే ఎందుకో ఆమెకు తట్టింది కానీ, అప్పటికే అత్త పిలుపొచ్చింది. మాంసం పట్టీలుగా కోసి, ఆరడానికి గాలికొట్టంలో వేలాడదీయాలి, కొవ్వుకి ఉప్పు పట్టించాలి. కడుపుతో ఉన్నప్పుడు డాక్టరు ఆ మాంసంలో పాదరసం ఉంది, పిల్లల్ని కనే ఆడవాళ్ళు ముట్టొద్దన్నాడు. అత్త ఎల్‌స్పా దవడలు ఆడిస్తూ, "ఇది తినే కన్నానమ్మాయ్ నీ మొగుణ్ణి! వాడికేం లోటు?" అంది. లోటేమిటో తూరిద్ పైకి అనలేదు. తినకూడదట, వండొచ్చట. ఉప్పుకి చేతులు పగలొచ్చట. ఆ మొదటి వేటరోజు ఒడ్డున ఎర్రబడ్డ నీళ్ళలో ఒక తల్లి తిమింగలం తన పిల్ల చుట్టూ తిరిగీ తిరిగీ ఆగిపోవడం ఆమె చూసింది. నా వేలు అటు చూపించకపోతే, అనుకుంది. ఆ రాత్రే పొరుగింటి ముసలాయన తన వాటా మాంసం అందుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకోవడమూ చూసింది. ఏది తప్పో ఏది ఒప్పో ఆమె తేల్చుకోలేకపోయింది. ఆమె తేల్చుకోవాలని ఎదురుచూసినవాళ్ళు లేరు.

కిందటి వేసవిలో మార్లీస్ వచ్చింది. వేట మాన్పించాలని దూరదేశం నుంచి పడవలో వచ్చిన గుంపులో పిల్ల. మిగతావాళ్ళు ఒడ్డున నిలబడి హంతకులని అరిస్తే, ఈ పిల్ల తూరిద్ వంటింటి తలుపు తట్టి, కొవ్వుకి ఉప్పు పట్టిస్తున్న ఆమె పక్కన కూర్చుని బంగాళాదుంపలు ఒలిచింది. ఒలుస్తూ, "నీకేమనిపిస్తుంది?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. తూరిద్ కళ్ళు తుడుచుకుని అన్నీ చెప్పింది. చూసింది తనేనని, ఆ తల్లీపిల్లా కలలోకొస్తారని.

మార్లీస్ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇది మన మధ్యే ఉంటుంది."

శీతాకాలం మొదట్లో, మార్లీస్ చాటుగా తీసిన ఆ వీడియో ఊరందరి ఫోన్లలో ఉంది. ముఖం కనపడకుండా చేశారు, దయ తలచి. కానీ ఆ వంటిల్లు, కొవ్వుకి ఉప్పు పట్టిస్తున్న ఆ చేతులు, ఆ గొంతు, ఊళ్ళో చంటిపిల్లలు కూడా గుర్తుపట్టారు. "నేనే చూపించాను" అన్న ముక్క మూడుసార్లు వినిపించి, కింద పెద్ద అక్షరాలు: చావుకి దారి చూపిన ఇల్లాలు.

తూరిద్ ఫోన్ చేస్తే మార్లీస్ గొంతు తగ్గించి, "ఏమనుకోకు అక్కా. అంత పెద్ద పనిలో మన బాధలు చిన్నవి. ఇంకోసారి మంద కనపడితే మాత్రం ముందు నాకు చెప్పు, ఏం?" అంది.

హొగ్ని కూడా మండిపడ్డాడు. తిమింగలాల గురించి కాదు. "చూసింది నేనేనని ఊరంతా నమ్మింది! పరాయి పిల్ల ముందు నా పరువు తీస్తావా?" అన్నాడు. ఊరి సభలో, టీవీవాళ్ళ ముందు, తూరిద్‌ని పక్కన నిలబెట్టుకుని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఎంత మెత్తగా వేశాడో! పెళ్ళిలో కూడా అంత మెత్తగా వేయలేదు. "మా ఆవిడకి అప్పుడప్పుడు ఊహలొస్తుంటాయండి. లేనివి చూసినట్టు అనిపిస్తుంది, పాపం. ఆడవాళ్ళ సంగతి తెలుసుగా! చూసే పని నాది," అన్నాడు. సభ నవ్వింది. ఎల్‌స్పా కూడా నవ్వింది. తూరిద్ భుజం మీద ఆ చెయ్యి బరువు ఇంటికొచ్చినా దిగలేదు.

ఇప్పుడు మంద అఖాతం మూతి దాటుతోంది.

కింద కొట్టం దగ్గర హొగ్ని దుర్భిణీ కళ్ళకు పెట్టుకుని కొండముక్కునే శ్రద్ధగా చూస్తున్నాడు. రేవులో మార్లీస్ వాళ్ళ పడవ ఈ ఏడు కూడా వచ్చి లంగరేసుకుని ఉంది. దాని మీద కూడా ఎవరో దుర్భిణీ పట్టుకుని, అదే కొండముక్కుని చూస్తున్నారు. ఇంటి కిటికీలో ఎల్‌స్పా తల కనపడుతోంది. ఏడాదిగా తాజా మాంసం రుచి చూడలేదని పొద్దున కూడా గొణిగింది. తూరిద్‌కి ఆ గొణుగుడు గుర్తొచ్చింది, ముసలాయన కళ్ళనీళ్ళూ గుర్తొచ్చాయి. మందలో ఒక చిన్న వీపు పెద్ద వీపుని ఒరుసుకుని ఈదుతోంది. జేబులో ఫోన్ ఉంది. రెండు నంబర్లూ అందులో ఉన్నాయి. రెండు చోట్లా ఆమె కళ్ళు కావాలి. ఆమె ఎక్కడా అక్కర్లేదు.

కింద హొగ్ని దుర్భిణీ దించాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, కొండ మీదికి తలెత్తి, చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమే! పైనుంచి ఏమైనా కనిపిస్తోందా?"

అంటే పైనుంచే కనిపిస్తుందని ఆయనకీ తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు.

తూరిద్ పళ్ళ మధ్యనుంచి క్లిప్పులు తీసింది. ఒకటి ఈ కొసకి, ఒకటి ఆ కొసకి పెట్టింది. దుప్పటి గాలికి నిండుగా ఉబ్బింది. దాని పక్కనుంచి తొంగిచూస్తే చివరి నల్ల వీపు మునిగి, బయటి సముద్రంలో కలిసిపోయింది.

"నాకు ఊహలొస్తాయిగా, హొగ్నీ!" అని గట్టిగా, గాలికి ఎదురుగా చెప్పింది. "చూసే పని నీది."