పెత్రొనిలా గారి మద్దతు

సోతోబ్రెన్యా ఊరి మేయరు పదవికి కసిల్దా నాలుగుసార్లు పోటీ చేసి నాలుగుసార్లూ ఓడింది. ఓడిన ప్రతిసారీ ప్రతిపక్షం బెంచీలో కూర్చుని, కొండ మీదినుంచి నీళ్లు తెచ్చే గొట్టాల గురించీ, మూతపడబోతున్న బడి గురించీ గొంతు చించుకునేది. అంతసేపూ ఆమె భర్త లెయాండ్రో బయట తన రొట్టెల వ్యానులో కూర్చుని కునుకు తీసేవాడు. ఆ వ్యాను మైకులోనే పొద్దున రొట్టెలకీ సాయంత్రం పెళ్లాం ఎన్నికలకీ ఒకే గొంతుతో కేకలేసేవాడు. అలవాటు మీద ఒకోసారి రెండూ కలిసిపోయేవి. "వేడివేడి కసిల్దా! ఇప్పుడే పొయ్యిలోంచి దిగింది!" అని ఊరంతా చాటిన రోజున మేయరు గుమెర్సిందో కూడా కిటికీ తెరిచి పడీపడీ నవ్వాడు.

ఐదోసారి మాత్రం వ్యవహారం అడ్డం తిరిగింది. లెయాండ్రో తల్లి పెత్రొనిలా, ఎనభయ్యో పడిలో ఉన్న మనిషి, సొంతంగా ఓ పార్టీ పెట్టేసింది. ఊరి పండగలో అర్ధరాత్రి కాగానే బ్యాండు ఆపించేస్తున్నాడని మేయరు మీద కోపం. దానికి గట్టిగా అడ్డుపడలేదని కోడలి మీద అంతకంటే కోపం. "నా మోకాళ్లు పూర్తిగా అరిగేలోపు ఒక్కసారి తెల్లారేదాకా ఆడాలి" అన్నదే ఆవిడ ఎన్నికల ప్రణాళిక మొత్తం.

ఓట్ల లెక్కింపు అయ్యేసరికి ఊరి సభలోని ఏడు స్థానాల్లో గుమెర్సిందోకి మూడు, కసిల్దాకి మూడు, పెత్రొనిలాకి ఒకటి. ఆ ఒకటీ ఒకే ఒక్క ఓటు తేడాతో వచ్చింది. గెలిచిన ఏడుగురిలో కనీసం నలుగురు ఒకరికే చెయ్యెత్తకపోతే, ఎక్కువ ఓట్లొచ్చిన గుమెర్సిందోయే మళ్లీ మేయరు.

"అయితే ఇక మీ అమ్మ కాళ్లే గతి" అంటూ కసిల్దా కుర్చీలో కూలబడింది.

"ఆ మోకాళ్లు కాస్త జాగ్రత్త" అన్నాడు లెయాండ్రో. ఎందుకో ఆమె మొహంలోకి మాత్రం చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం పెత్రొనిలా వంటింట్లో చర్చలు మొదలయ్యాయి. గుమెర్సిందో ఉప్పేసి ఎండబెట్టిన పంది తొడ ఒకటి, ఎర్ర రిబ్బను కట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. కసిల్దా బంగాళాదుంపల గుడ్డట్టు చేసుకొచ్చింది. ఆ అట్టులో ఉల్లిపాయ ఉండాలంటుంది కోడలు, ఉండకూడదంటుంది అత్త. పెళ్లయిన నాటినుంచీ ఇంట్లో అదే యుద్ధం.

పెత్రొనిలా ఒక ముక్క నమిలి ఆగిపోయింది. "ఉల్లిపాయ ఏదే?"

"వెయ్యలేదు అత్తయ్యా. మీకు నచ్చదుగా."

"ఇన్నేళ్లు నాతో కొట్లాడి, కుర్చీ కనబడగానే ఉల్లిపాయని వదిలేశావా? రేపు ఊరినేం చేస్తావే తల్లీ!"

గుమెర్సిందో కిసుక్కుమన్నాడు.

"నువ్వు నవ్వకు. ఆ పంది తొడకంటే నువ్వే ఎక్కువ ఎండిపోయావు."

"మీరు ఊ అంటే తెల్లారేదాకా వాయిస్తారు పెత్రొనిలా గారూ! ఒకటి కాదు, రెండు బ్యాండ్లు!"

"రెండా?" ముసలావిడ కళ్లు తళుక్కుమన్నాయి.

ఇంటికొచ్చాక లెయాండ్రో సలహా ఇచ్చాడు. "నువ్వు మూడు అను."

"గొట్టాలు మార్చడానికే దిక్కులేదు. మూడు బ్యాండ్లు ఎక్కణ్నుంచి తేను? మీ అమ్మకి అబద్ధం చెప్పలేను."

శనివారం మేయరుని ఎన్నుకునే సభకి ఊరంతా వచ్చింది. చోటు చాలక జనం కిటికీ గట్టులెక్కారు. పెత్రొనిలా ఆకుపచ్చ కుచ్చుల గౌను వేసుకుని, ఎన్నికకి కాకుండా ఎవరి పెళ్లికో వచ్చినట్టు వచ్చింది. చేతులెత్తే సమయానికి లేచి నిలబడింది.

"ముందు ఇద్దరికీ ఒక ప్రశ్న. మేయరైతే వారంలో ఎన్ని సాయంత్రాలు ఇంట్లో ఉంటారు?"

"అన్నీ!" అన్నాడు గుమెర్సిందో ఛాతీ విరుచుకుని.

"అన్నీనా? బాబోయ్, నాకొద్దు!" అని వెనకనుంచి అతని భార్య కేకేసింది. హాలు గొల్లుమంది.

కసిల్దా నవ్వలేకపోయింది. "తెలీదు అత్తయ్యా. ఇన్నాళ్లూ సరిగ్గా ఉన్నదీ లేదు. కన్నకూతురి పుట్టినరోజే మర్చిపోయిన దాన్ని. ఎక్కడైనా గొట్టం పగిలితే కంచం ముందునుంచి లేచి పోతాను. బ్యాండు తెల్లారేదాకా పెట్టిస్తాను, కానీ ఒక్కటే."

"విన్నారా? నా కొడుకు వ్యానులో కునుకు తీస్తూనే ముసలాడైపోయాడు. గురువారం సాయంత్రాలు వాడివేనని అందరి ముందూ ఒప్పుకో, చెయ్యెత్తుతా."

లెయాండ్రో ఉన్నపళాన కుర్చీ ఎక్కాడు. "అమ్మా! నా కాపురాన్ని బేరం పెట్టకు! ఇది లోపల అరుస్తుంటే నాకు బయటికి వినపడేది. రేడియోకంటే హాయిగా ఉండేది. గురువారాలు కావాలని నేనెవర్నీ అడగలేదు. అసలు నీకు ఓటేసినందుకు నాకీ శాస్తి కావాల్సిందే!"



"ఎవరికి ఓటేసినందుకు?" అంది కసిల్దా.

లెయాండ్రో మెల్లగా కుర్చీ దిగాడు. "అమ్మకి... ఒక్క ఓటూ రాకపోతే నలుగురిలో చిన్నబోతుందని. గెలుస్తుందనుకోలేదే."

"వేడివేడి కసిల్దా అని ఊరంతా అరిచి, లోపలికెళ్లి మీ అమ్మకా!"

కోపం రావాల్సిన చోట కసిల్దాకి నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఎక్కిళ్లొచ్చాయి. బల్ల మీద తల వాల్చి, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. ఆమెని చూసి పక్కవాళ్లు, వాళ్లని చూసి కిటికీల్లోవాళ్లు నవ్వడం మొదలెట్టారు.

పెత్రొనిలా ఒక్కతే నవ్వలేదు. "జాలా? నా మీద జాలిపడ్డాడా వీడు!" అంటూ కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది. "అంటే నన్ను గెలిపించిన ఆ ఒక్క ఓటూ ఈ పిల్ల దగ్గర కొట్టేసిందన్నమాట. దొంగసొత్తు నాకొద్దు. రెండు బ్యాండ్లని అబద్ధం చెబితే కుర్చీ దక్కుతుందని తెలిసి కూడా చెప్పలేదు, అదీ చూశాను." కుచ్చులు ఊగేలా చెయ్యి పైకెత్తింది. "కసిల్దాకే!"

ఆ రాత్రే బ్యాండు పిలిపించారు. పండగ ఇంకా రాలేదని ఎవరికీ గుర్తే లేదు. గుమెర్సిందో ఓ మూల గ్లాసు పట్టుకుని నిలబడితే పెత్రొనిలా వెళ్లి చెయ్యి పట్టి లాగింది.

"నాకు అడుగులు రావండీ" అని గొణిగాడు మాజీ మేయరు. "మా ఆవిడ వేరేవాళ్లతో ఆడుతుంటే చూడలేక బ్యాండు ఆపించేవాణ్ని."

"ముందే ఏడవొచ్చుగా! రా, నేర్పుతాను. కుడికాలు... అది ఎడమ!"

కొత్త మేయరు మొదటి ఉపన్యాసం చదవడానికి మెట్లెక్కింది. రెండు వాక్యాలు చదివినా ఎవరూ ఇటు తిరగలేదు. కాగితం మడిచి జేబులో కుక్కుకుని, కిందికి దిగి మొగుణ్ని గుంపులోకి ఈడ్చింది.

"నీ సంగతి రేపు తేలుస్తా" అంది అతని భుజమ్మీద చెయ్యేసి.

"తేలుద్దువుగానీ, ముందు కాలు తియ్యవే, తొక్కుతున్నావు!"