నొప్పుల సూది

నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే సందు లేదు. కాన్పుల గదిలో బల్ల మీద కోడలు పళ్లు బిగబట్టి మెలికలు తిరిగిపోతోంది. చేతికి సెలైన్ ఎక్కుతోంది. అందులో నొప్పులు పెంచే మందు ఉంది.

చేర్చుకునేటప్పుడు నర్సు అడగనే అడిగింది. "బయట సూదేమైనా వేయించారా?"

"లేదమ్మా. మాకెందుకా సూదులు!" అంది అత్త తడుముకోకుండా.

వేయించింది. పొద్దున్నే మందుల షాపతన్ని ఇంటికి పిలిచి మరీ వేయించింది. అత్తాకోడళ్లిద్దరూ ఒకే లాండ్రీలో ఇస్త్రీ చేస్తారు. రెండు రోజులు కనపడకపోతే వాళ్ల బల్ల దగ్గర ఇంకొకరు నిలబడతారు. కాన్పు తొందరగా తెమిలితే రేపు తనైనా పనిలోకి పోవచ్చని ఆవిడ ఆశ. ఆ వీధిలో అందరూ చేసే పనే అది. "ఆస్పత్రిలో నోరెత్తకు, తిట్టి పంపేస్తారు" అని కోడలికి గట్టిగా చెప్పింది. అత్త మాట జవదాటని పిల్ల, నర్సు అడిగినప్పుడు గోడకేసి చూసింది.

ఇప్పుడు అత్తనే చూస్తోంది.

"అత్తయ్యా... వదలట్లేదు... అసలు వదలట్లేదు..."

"ఓర్చుకో తల్లీ. నీ మొగుణ్ణి కన్నప్పుడు నేను ఆస్పత్రి టాపు లేచిపోయేలా అరిచాను. నువ్వే నయం" అని నవ్వించబోతూ పొట్ట మీద చెయ్యి వేసింది. ఇస్త్రీబల్లలా ఉంది. నొప్పి తగ్గితే మెత్తబడాలి కదా అని చెయ్యి అలాగే ఉంచింది. ఎంతసేపటికీ మెత్తబడలేదు.

పక్క గదిలోంచి డాక్టరమ్మ కేకేసింది. "ఇంకా అవలేదా? బయట ఇంకో కేసుంది. డ్రిప్పు కాస్త పెంచు!"

నర్సు సెలైన్ గొట్టానికున్న చక్రం మీద వేలు పెట్టింది.

చెబితే గెంటేస్తారేమో. చెప్పకపోతే? అత్త చెయ్యి పోయి గొట్టాన్ని మడిచి పట్టుకుంది.

"ఏంటిది? వదలండి!"

"వదలను. పొద్దున నేనే వేయించానమ్మా, నొప్పుల సూది. నీకు అబద్ధం చెప్పాను. నన్ను గెంటెయ్యి, పిల్లని చూడు!"

"ఇందులో ఉన్నదీ అదే మందు!" అంది నర్సు. డాక్టరమ్మని పిలుస్తూనే డ్రిప్పు ఆపేసి, కోడల్ని పక్కకి తిప్పి, పొట్ట మీద యంత్రం పెట్టి బిడ్డ గుండె చప్పుడు కోసం వెతకసాగింది. ఒకచోట గరగర వినిపించింది. ఇంకోచోట అదీ లేదు.

కోడలు అత్త మణికట్టు పట్టుకుంది. "అత్తయ్యా, వినపడుతోందా?"

నోటిదాకా వచ్చిన అబద్ధాన్ని అత్త మింగేసింది.

"లేదమ్మా" అంది. "ఇంకా వెతుకుతోంది."