ముగ్గురికి సరిపోయే గొడుగు

నేను ఒక గోల్ఫు గొడుగుని. మీ ఇంట్లో తలుపు వెనక వేలాడే నల్ల గొడుగుతో నన్ను పోల్చకండి. నన్ను విప్పితే ముగ్గురు మనుషులు భుజాలు తడవకుండా నిలబడొచ్చు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉండాలి. కానీ తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది. ఎందుకో వినండి.

చెన్నై పొలిమేరలో ఒక కుట్టు కర్మాగారంలో పుట్టాను. నాకు రెండు పొరల గుడ్డ, వాటి మధ్య గాలి దూరిపోవడానికి సందు. ఎంత ఈదురుగాలి కొట్టినా తిరగబడను. కర్ర ఇనుముది కాదు, ఫైబరుది. నా అంచులు కుట్టిన అమ్మాయి పని కాగానే నన్ను విప్పి, పక్కనున్న ఇద్దరినీ కిందికి లాగి, ఇంకొకర్ని నా మీద బకెట్టు నీళ్ళు గుమ్మరించమంది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. ముగ్గురూ పకపకా నవ్వారు. నా బతుకంతా ఇలాగే గడుస్తుందనుకున్నాను.

విశాఖపట్నంలో నన్ను కొన్నది పెన్మెత్స రామభద్రరాజుగారు. ఓడల సరుకు దింపించే వ్యాపారం. ఊరి చివర కొండ పక్కన ఉన్న మైదానంలో ఆదివారాలు గోల్ఫు ఆడతారు. సముద్రం మీంచి వాన వచ్చి పడితే మిగతావాళ్ళు ఇంటిదారి పడతారు. రాజుగారు మాత్రం పెళ్ళికి వెళ్ళినట్టు ముస్తాబవుతారు. చేతులు విసరడానికి వీలుగా వదులైన వానకోటు. నీళ్ళు దిగని బూట్లు, అయినా సంచీలో పొడి మేజోళ్ళు. తడిసినా జారని చేతితొడుగులు. నా పుల్లలకి లోపలివైపు ఒక తువ్వాలు వేలాడదీయించేవారు, చేతులు తుడుచుకోవడానికి. ఒక మనిషి పొడిగా ఉండటానికి ఇంత తతంగమా అని మొదట ముచ్చటపడ్డాను.

ఆ తతంగమంతా మోసేది అప్పలకొండ. నలభై దాటిన మనిషి. ఆటగాళ్ళ ఆటకర్రల సంచీలు మోసే క్యాడీ పని చేస్తోంది, ఏళ్ళ తరబడి రాజుగారికే. ఒక భుజాన సంచీ, ఇంకో చేత్తో నేను. నన్ను రాజుగారి నెత్తిన పట్టి తను చెయ్యి చాపినంత దూరంలో నడిచేది, వానలో. నెత్తిన ఒక ప్లాస్టిక్ సంచీ తప్ప ఏమీ లేదు. నా కింద ఇంకా ఇద్దరికి చోటుంది! ఒకసారి గాలికి జడిసి కొంచెం లోపలికి జరిగితే రాజుగారు ఏమన్నారో తెలుసా?

"దూరంగా ఉండు అప్పలకొండా, నీ మీది నీళ్ళు నా చేతితొడుగుల మీద పడుతున్నాయి."

బంతిని కొట్టే క్షణంలో ఆటగాడికి ఇంకొకరు గొడుగు పట్టకూడదని ఆ ఆటలో నియమం. అప్పుడైనా ఆవిడ నన్ను తన నెత్తిన పెట్టుకోవచ్చు కదా! పెట్టుకోనివ్వలేదు. ఆటకర్రలు తడుస్తాయి, సంచీ మీద పట్టమన్నారు. నాకు నోరుంటే ఆ మైదానం దద్దరిల్లేలా తిట్టేదాన్ని.

ఇక అసలు సంగతి. వానాకాలం కప్పు పోటీ జరుగుతోంది. రాజుగారితో కలిసి ఆడుతున్నది శశిరేఖగారని కళ్ళ డాక్టరు. మధ్యాహ్నానికి కొండ మీద నల్లమబ్బు దిగింది. వాన జోరందుకుంది. ఇద్దరూ ఆఖరి గుంత దగ్గరికి వచ్చేసరికి సైరన్ మోగింది. పిడుగులు పడే సూచన ఉంటే మోగిస్తారు. అది మోగాక కొట్టిన దెబ్బ చెల్లదు, ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఏదైనా ఇంట్లోకి పోవాలి. డాక్టరుగారు ఆటకర్ర పడేసి పరిగెత్తారు.

రాజుగారి బంతి గుంతకి రెండడుగుల దూరంలో ఉంది. అది పడితే కప్పు ఆయనదే.

"బాబూ, సైరను మోగుతంది. ఎల్లిపోదాం రండి," అంది అప్పలకొండ.

"నాకేం వినపడలేదు. గొడుగు పట్టుకో, ఇదొక్కటీ కొట్టేసి పోదాం."

"మోగుతంది బాబూ! డాక్టరమ్మ పరిగెట్టీసింది, సూడండి."

"ఈ గొడుగు కర్ర ఇనుముది కాదు, దీని మీద పిడుగు పడదు. కదలకు!"

వినండి ఆ మాట! బోడి మైదానంలో తడిసి నిటారుగా నిలబడ్డ దాన్ని నేను. పిడుగు నన్ను నీ కర్ర దేనితో చేశారని అడిగి పడుతుందా? కొండ మీద మెరిసింది. అప్పలకొండ నన్ను ముడిచి గడ్డి మీద పడుకోబెట్టింది. "నానుండనేను బాబూ," అని పరుగందుకుంది.

రాజుగారు ఆవిడ వెనక నాలుగు కేకలేసి, వానలో ముద్దగా తడుస్తూ, బంతిని గుంతలోకి నెట్టారు. చూసింది నేనొక్కదాన్నే.

ఆ సాయంత్రమే పోటీ నడిపే కమిటీ దగ్గర ఆయన చెప్పిన మాటకి నా కుట్లు పిగిలిపోయాయనుకోండి. "నేను బంతి కొట్టాకే సైరన్ మోగింది. అప్పలకొండ అంతకుముందే సంచీ, గొడుగూ పారేసి పారిపోయింది. బాధ్యత లేని మనిషి. ఇలాంటివాళ్ళని పనిలో ఉంచకూడదు." అంతే, అప్పలకొండని పనికి రావద్దన్నారు.

కానీ ఆ ఆటలో తోటి ఆటగాడు సరేనంటేనే లెక్క చెల్లుతుంది. శశిరేఖగారు సరే అనలేదు.

"సైరన్ విన్నాకే నేను పరిగెత్తాను రాజుగారూ. అప్పటికి మీరు కొట్టలేదు."

"వాన హోరులో ఉరుము విని ఉంటారు డాక్టరుగారూ."

కమిటీవాళ్ళు వచ్చే ఆదివారం తేలుద్దామన్నారు. ఆ మధ్యలో ఒకనాటి సాయంత్రం రాజుగారు నన్ను తుడిచి, కారులో పెట్టుకుని అప్పలకొండ ఇంటికి వెళ్ళారు. ఆవిడ వసారాలో కూర్చుని మెత్తళ్ళ చేపలు బాగుచేస్తోంది. ఆయన నన్ను గోడకి ఆనించారు.

"ఇది నీకే, ఉంచుకో. ఆదివారం నిన్ను పిలుస్తారు. ఏదో ఉరుముకి భయపడి పరిగెత్తాను, సైరన్ తర్వాత మోగింది అని ఒక్క మాట చెప్పు. మర్నాటినుంచి పనిలోకి వచ్చెయ్యి."

నాకెంత అవమానమో ఊహించండి. వానకి పుట్టినదాన్ని, అబద్ధానికి అడ్డం పడాలా?

అప్పలకొండ చేతులు కడుక్కుంది. నన్ను తీసి ఆయన చేతికే ఇచ్చింది.

"ఇన్నేళ్ళు మొయ్యించేరు గానీ, దీని కింద ఒక్కపాలి నిలబడమనేరా బాబూ? అప్పుడనుంటే పుచ్చుకుందును. ఇప్పుడొద్దు."

ఆదివారం వచ్చింది. కమిటీ గదిలో పెద్దలు కూర్చున్నారు. బయట వరండా నిండా క్యాడీలు. నేను రాజుగారి కుర్చీ పక్కన ఉన్నాను. అధ్యక్షుడు అడిగితే అప్పలకొండ నిలబడే చెప్పింది.

"సైరను మోగింది. నానిన్నాను, ఆ బాబుకి సెప్పేను. నా పెనిమిటి జీడితోటలో పిడుగు పడే పోనాడు. తోడికోడలు కేకేసి రమ్మంటే, ఈ నాలుగు గింజలూ ఏరీసి వస్తానన్నాడు. అందుకే ఉండనేకపోనాను. ఆ బాబు కూడా ఉండిపోతారేటోనని ఎనక్కి సూసుకుంటానే పరిగెట్టేను."

రాజుగారు ఆవిడ వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. ఇన్నేళ్ళు పక్కన నడిచిన మనిషికి భర్త లేడని ఆయనకి తెలియదు. అడగలేదు కాబట్టి తెలియదు. ఆయన వేళ్ళు నా పిడిని గట్టిగా పట్టుకున్నాయి.

"సైరన్ ముందే మోగింది," అన్నారు నేల చూస్తూ, గొణిగినట్టు. "నేను విన్నాను."

అధ్యక్షుడు కాగితాలు సర్దబోయారు. అప్పలకొండ మాత్రం కదల్లేదు.

"గట్టిగా సెప్పండి బాబూ. నన్ను బాధ్యత నేని మనిషన్నది అందరూ ఇన్నారు. ఇదీ ఇనాల. బయటోళ్ళకి ఇనబడ్నేదు."

రాజుగారు లేచి గుమ్మం దాకా వెళ్ళారు. వరండాలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా మళ్ళీ చెప్పారు. "తప్పు నాది," అని కూడా కలిపారు. కప్పు ఇంకొకరికి పోయింది. అప్పలకొండకి పని తిరిగి వచ్చింది. మర్నాటినుంచి డాక్టరుగారి సంచీ మోస్తానంది.

రాజుగారు నన్ను అక్కడే వదిలేసి వెళ్ళారు, మరిచిపోయి కాదు, ఆవిడ తీసుకుంటుందని. బయట వాన కురుస్తూనే ఉంది. అప్పలకొండ గుమ్మంలో ఆగి నా వంక ఒకసారి చూసింది. తీసుకుంటుందనుకున్నాను. చీర కొంగు నెత్తిన కప్పుకుని, తోటివాళ్ళతో ఏదో మాట్లాడుతూ వానలోకి దిగిపోయింది.

ఇప్పుడు నేను ఆ మైదానం స్టోరు గదిలో, గడ్డి కోసే యంత్రం పక్కన పడి ఉన్నాను. నా పై పొరని ఎలుకలు కొరికాయి. రేకుల మీద వాన పడినప్పుడల్లా రాజుగారి మీద కోపం కొత్తగా రగులుతుంది. అప్పలకొండ మీద మాత్రం ఏనాడూ రాలేదు.