మూట వెనక చెయ్యి

గోనెసంచిని కొప్పెర మాదిరి తలమీంచి వీపుకు వేసుకుని, నడుముకు తువ్వాలు బిగిస్తున్నాడు నిత్యానందం. బిగించే కొద్దీ తువ్వాలు కొసలు పొడుగవుతున్నాయి. ఒకప్పుడు ఆ తువ్వాలే ఒక చుట్టుకు చాలీచాలకుండా వచ్చేది. ఇప్పుడు రెండు చుట్లు తిరిగి, ఇంకా తోకలాగా వేలాడుతోంది.

మార్కాపురంలో గురునాథం శెట్టి గిడ్డంగి ముందు లారీ ఆగి ఉంది. కందుల మూటలు ఎక్కించాలి. పని ఎప్పుడూ జతగానే. గిడ్డంగిలో ఒకడు మూట ఎత్తి వీపున పెడతాడు, ఇంకొకడు వాకిలి దాటి, పలక మీదుగా లారీలోకి మోస్తాడు. మీసాలు మొలిచిన నాటినుంచి నిత్యానందం మోసేవాడే. ఎత్తిపెట్టేవాడు శివకృష్ణ. వరసకు ఏమీ కాకపోయినా మామా అని పిలిచి, సొంత అల్లుడికన్నా ఎక్కువ తిట్లు తిన్నవాడు.

నిత్యానందం కండ సంగతి చెప్పాలంటే ఆ తరం వాళ్ళే చెప్పాలి. యర్రగొండపాలెం నుంచి కందులతో వచ్చిన బండి ఇరుసు విరిగి బజారులో కూలబడితే, ఇరుసు మార్చేదాకా భుజం పెట్టి నిలబెట్టినాడు. దించినాక చెమట కూడా తుడుచుకోలేదు. తిండీ అట్లాగే ఉండేది. జొన్న సంగటి ముద్ద మీద ముద్ద, గోంగూర పచ్చడితో. "నీ ఒక్కడికి వండేదానికి బదులు పెళ్ళికి వండితే పేరన్నా వచ్చేది" అనేది పెళ్ళాం జ్ఞానమ్మ, మళ్ళీ ఇంకో ముద్ద వేస్తూనే.

తర్వాత షుగరు వచ్చింది. అన్నం తగ్గించమన్నాడు డాక్టరు. తగ్గించమన్నాడే గానీ అన్నీ మానుకోమనలేదు. ఇంతలో ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలం వచ్చింది. చర్చిలో అందరూ ఉపవాసాలు పట్టినారు, నిత్యానందమూ పట్టినాడు. పగలంతా నీళ్ళు, పొద్దుగూకినాక గ్లాసుడు పలచని రాగిజావ. పండుగ నాటికి షుగరు దిగిపోయింది. ఈస్టరు నాడు మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పినాడు. ప్రభువు తన జబ్బు తీసేశాడని చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. బయటికి వస్తుంటే ఒక ముసలాయన ఆయన చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

అదే చిక్కు తెచ్చింది. అందరూ ఉపవాసం వదిలి కోడికూర తిన్నారు. సాక్ష్యం చెప్పినవాడు మాత్రం వదల్లేకపోయాడు. మళ్ళీ తింటే షుగరు పెరుగుతుందని భయం. పెరిగితే దేవుడి మందిరంలో తాను చెప్పిన మాట అబద్ధమైపోతుందని అంతకన్నా భయం. జ్ఞానమ్మ గుడ్డు ఉడకబెట్టి ముందు పెడితే పక్కకు తోసేవాడు.

పోయిన నెలలో నర్సు పద్మజ జబ్బ పట్టుకుని చూసింది.

"పెద్దాయనా, షుగరు తగ్గింది, సంతోషమే. కండ గూడ కరిగింది చూడు. ఆకలితో మాడితే ఒళ్ళు తన కండనే తింటది. గుడ్డు తిను, పప్పు తిను, కొంచెం సంగటి తిను."

"నీకేం తెలుసమ్మా, నేను సాక్ష్యం జెప్పినా."

"సాక్ష్యం నోటితో గదా జెప్పింది, చేతులేం పాపం జేసినాయి?"

నవ్వి వచ్చేశాడు. మూటలు మోస్తూనే ఉన్నాడు కదా, ఇంకేం కావాలి? పనికాడ ఆయనకు ఉన్న భయమల్లా జట్టులో చోటు పోతుందనే. నడిమధ్యలో మూట దించినవాడిని ఎవరూ పొమ్మనరు. వాడే తువ్వాలు విప్పి పోవాలి. అది మొదటినుంచీ ఉన్న పద్ధతి. అట్లా పోయినవాళ్ళను చూసి, "పాపం, ముసలోడైనాడు" అని నవ్వినవాళ్ళలో నిత్యానందం కూడా ఉన్నాడు.

లారీ సగం నిండింది. శివకృష్ణను కాటా దగ్గరికి రమ్మని శెట్టి లోపలినుంచి కేకేశాడు. అతని బదులు జట్టులోని కుర్రాడు గోపి వచ్చి మూట ఎత్తి వీపున పెట్టి, పద్ధతి ప్రకారం చేతులు తీసేశాడు.

మోకాళ్ళు రెండూ ఒక్కసారే మడుచుకుపోయాయి. మూట పక్కకు దొర్లింది. నిత్యానందం రెండు చేతులూ నేలకు ఆనించి, పశువు మాదిరి నిలబడిపోయాడు.

"దీంట్లో రాళ్ళు పోసినారా ఏంది?" అన్నాడు.

"రాళ్ళు గాదు, కందులే" అని గోపి నవ్వేశాడు. నవ్వినాక ఆపుకోలేక నోరు జారాడు. "ఇన్నాళ్ళూ శివకృష్ణన్న వెనకాల చెయ్యి పెట్టి మోసె. నీదేముంది మామా, ఊరేగింపు."

మూట కింద వంగి ఉన్నవాడికి వెనక్కి చూసే వీలుండదు. వెనక అడుగుల చప్పుడు వినపడేది. ఎందుకురా అంటే, "పలక కదలకుండా కాలేస్తా మామా" అనేవాడు శివకృష్ణ. ఆ మాట నమ్మినాడు. మూట తేలిగ్గా ఉన్నప్పుడల్లా, ఆకలికి ఒళ్ళు తేలికైంది, దేవుడు బలమిచ్చాడు అనుకున్నాడు. ఇంటికి పోయి జ్ఞానమ్మతో కూడా అదే చెప్పినాడు.

శివకృష్ణ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నా మూట నువ్వు మోసినావా రా?"

"మొత్తం గాదు మామా. కొంచెం ఆనించినా, అంతే."

"ఎప్పటినుంచి?"

శివకృష్ణ గోడవైపు చూశాడు. "పండగ దాటినాక."

"ఈళ్ళందరికీ తెలుసా?"

లారీ మీద ఉన్నవాళ్ళు మూటల వరసలు సర్దుతున్నట్టు అటు తిరిగారు. శెట్టి గుమ్మంలోకి వచ్చి, "నిత్యానందం, కూచో, మంచినీళ్ళు తాగు" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యమన్నది లేదు. ఆయనకూ తెలుసు.

"జెప్తే ఊరుకుంటావా మామా? పోతావు గదా!" అన్నాడు శివకృష్ణ.

"చెడ్డోడు కొడితే లేచి నిలబడొచ్చు రా. నువ్వు పట్టుకోని పడగొట్టినావు."

లేచి కూర్చుని తన చేతులవంక చూసుకున్నాడు. మోచేతి పైన చర్మం, గింజలు ఒలిచిన కందికాయ తొక్కలాగా ముడుచుకుని ఉంది. ఇవి ఎవరి చేతులో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. శివకృష్ణ ఒక్కడే కాదు, ఇవి కూడా తనతో ఒక్క మాట చెప్పకుండా, రోజుకింత జారుకున్నాయి.

తువ్వాలు విప్పాడు. దులిపి భుజాన వేసుకున్నాడు. శివకృష్ణ అడ్డం రాబోతే, పక్కకు జరగమన్నట్టు చెయ్యి ఊపాడు. గుమ్మం కింద విడిచిన చెప్పులు తొడుక్కుని, కాలువ మీద బండ దాటి, బజారులోకి నడిచాడు. వెనక్కి తిరగలేదు.

షుగరు మొదలైన నాటినుంచి ఆయన పాదాలకు స్పర్శ తగ్గింది, ఈమధ్య పాదాలూ సన్నబడ్డాయి. కాలువ బండ మీద ఎడమకాలి చెప్పు ఒకటి జారి ఉండిపోయింది, మడమ దగ్గర అరిగి, బజారు వైపు తిరిగి.